శుభలేఖ మీద సన్నని చేతిరాత: బెజవాడ, గుంటూరు డీటీపీ దుకాణాల్లో దొరికే ఫాంట్లు ఎంతవరకు నిలబడతాయి?

తెలుగులో సన్నని చేతిరాత ఫాంటు కావాలని అడిగితే గవర్నర్‌పేటలోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా నాలుగైదు నమూనాలు తెర మీద చూపిస్తారు. తెర మీద అన్నీ బాగుంటాయి. వాటిలో కార్డు మీద అచ్చయ్యాక కూడా బాగుండేవి తక్కువ. ఆ తక్కువలోనూ వధూవరుల పేర్లకు, పైన ఒక పంక్తికి సరిపోయేవే ఎక్కువ. ముహూర్తం, వేదిక, బంధువుల పేర్లు, ఫోన్ నంబరు ఇవేవీ వాటితో వేయించుకోకూడదు. ఫాంటు పేరు బట్టి కాదు, ఒత్తుల్ని బట్టి, అచ్చు పద్ధతిని బట్టి ఎంచుకోవాలని చెప్పడానికే ఈ సమీక్ష.

మొదట దుకాణాలకు దక్కాల్సిన మెప్పు. ఇక్కడి డీటీపీ ఆపరేటర్లకు శుభలేఖ మ్యాటర్ కంఠతా వచ్చు. చి.ల.సౌ. ఎక్కడ రాయాలి, ఎవరి పౌత్రుడు, ఎవరి దౌహిత్రి అన్న వరస ఎలా పేర్చాలి, తిథి నక్షత్రాలు ఏ క్రమంలో రావాలి అన్నవి వాళ్లకు చెప్పక్కర్లేదు. మీరు రాసిచ్చిన కాగితంలో తప్పుంటే వాళ్లే పట్టుకుని అడుగుతారు. చిక్కంతా అక్షరాన్ని ఎంచే దగ్గర మొదలవుతుంది. ఎందుకంటే అడిగేవాళ్లు ఫోనులో చూపించే నమూనా చాలాసార్లు ఇంగ్లిషు కార్డుది. ‘గ్రేట్ వైబ్స్’, ‘ఎడ్వర్డియన్ స్క్రిప్ట్’ లాంటి వాటిలో తెలుగు అక్షరాలే లేవు. వర్డ్‌లో ఆ ఫాంటు పెట్టి తెలుగు టైపు చేస్తే, కంప్యూటర్ దానంతటది నిర్మలా యూఐనో గౌతమినో తెచ్చి పెడుతుంది. పక్కపక్కన రెండు భాషలు రెండు లోకాల్లా కనిపిస్తాయి.

నాజూకు ఎక్కడ ఉంటుంది

ఇంగ్లిషు కలపురాతలో అందమంతా అక్షరాన్ని అక్షరంతో ముడివేసే సన్నని గీతలో ఉంటుంది. మొనదేలిన పాళీని కిందికి లాగుతూ నొక్కితే లావు, పైకి వెళ్లేటప్పుడు వెంట్రుకంత సన్నం. తెలుగు రాతలో అక్షరాలు అలా ముడిపడవు. చాలా అక్షరాలకు కలం ఒకటి రెండుసార్లు పైకి లేవాలి: తలకట్టుకు ఒకసారి, గుడికో కొమ్ముకో ఒకసారి, ఒత్తుకు ఒకసారి. తాటాకు మీద గంటం గీసిన గీత కూడా అంతటా దాదాపు ఒకే మందం. కాబట్టి ఒకే మందంతో సన్నగా సాగే గీతే తెలుగుకు సహజంగా నప్పుతుందని మా అభిప్రాయం. లావు-సన్నం తేడాను ఇంగ్లిషు నుంచి అరువు తెచ్చుకున్న తెలుగు ఫాంట్లలో ‘శ’, ‘క్ష’, ‘ఝ’ లాంటివి ముద్దలుగా తేలతాయి.

మరి సొగసు ఎక్కడ చూపించాలి? తలకట్టు విసురులో, క్రావడి అక్షరం కిందుగా చుట్టి వచ్చే వంపులో, కొమ్ము చివర్లో. ఇక్కడే కొందరు డిజైనర్లు అతి చేస్తారు. తలకట్టును పక్క అక్షరం దాకా లాగితే అందంగా ఉంటుందనుకుంటారు. కానీ తెలుగులో తలకట్టు అలంకారం కాదు, అచ్చుకు గుర్తు. దాన్ని కుడివైపు ఎక్కువగా సాగదీస్తే దీర్ఘంలా కనిపిస్తుంది. ‘కమల’ కాస్తా ‘కామల’ అనిపిస్తుంది. పైకి గుండ్రంగా చుడితే గుడి అయి కూర్చుంటుంది. ఏ నమూనా చూపించినా ముందు ‘క’ను ‘కా’ పక్కన, ‘వి’ని ‘వీ’ పక్కన, ‘మొ’ను ‘మో’ పక్కన పెట్టించి చూడండి. రెండడుగుల దూరం నుంచి తేడా తెలియకపోతే ఆ ఫాంటును వదిలేయాలి.

రెండో పరీక్ష కింది గీతది. ద-ధ, చ-ఛ, ప-ఫ, డ-ఢ మధ్య తేడా ఒక చిన్న గీతే. గీత సన్నబడేకొద్దీ ముందుగా మాయమయ్యేది అదే. శుభలేఖలో ‘వధువు’ ‘వదువు’గా, ‘ఫాల్గుణ’ ‘పాల్గుణ’గా అచ్చయ్యాక దాన్ని అక్షరదోషం అంటారే గానీ ఫాంటు దోషం అనుకోరు. మంచి ఫాంటులో ఈ చిన్న గీత మిగతా గీతల కన్నా రవ్వంత లావుగానో, కాస్త పొడుగ్గానో ఉంటుంది. చెడ్డ ఫాంటులో అక్షరమంతటితో పాటు అదీ పలచబడుతుంది.

మూడోది లోతు, అంటే అక్షరం కింద ఒత్తులు ఎలా కుదురుతాయన్నది. ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అనే మొదటి పంక్తి మంచి పరీక్ష: క్రావడి ఉంది, ‘స్తు’ ఉంది, ‘ఘ్న’ ఉంది. దానికి ‘లక్ష్మి’, ‘సుబ్రహ్మణ్యేశ్వర’, ‘జ్యేష్ఠ’, ‘మహోత్సవ’ కలపండి. ‘లక్ష్మి’ లేని కుటుంబం మన వైపు అరుదు. అందులో క, ష, మ మూడూ ఒకదాని కింద ఒకటి చేరాలి. చాలా చేతిరాత ఫాంట్లు అక్కడే చేతులెత్తేస్తాయి: ‘మ’ ఒత్తు పక్కకు జారుతుంది, లేదా చీమంత అయిపోతుంది. ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లి, ఆ వరసలోనే టైపు చేయించండి. దుకాణం నమూనా పుస్తకంలో ఉండే పదాలు ఫాంటుకు నప్పేలా ఏరినవి. వాటిని చూసి నిర్ణయించకూడదు.

చేతికి అందే ఫాంట్లు

ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే వాటిలో చేతిరాత తరహా అని చెప్పదగ్గ ఒకటి ‘లక్కిరెడ్డి’. అమెరికాలోని తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఇదొకటి. తెలుగు అక్షరాలు పురుషోత్ కుమార్ గుత్తుల చేసినవి. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి డబ్బు తీసుకుని వేసే కార్డుకూ వాడుకోవచ్చు, ఫాంటును మాత్రం విడిగా అమ్ముకోకూడదు. ఒకే బరువులో (గీత మందంలో) వస్తుంది, అందులో గీత మరీ సన్నం కాదు. వెంట్రుకంత నాజూకు కోరేవారికి ఇది నిరాశే. కానీ హల్దీ కార్డు, బారసాల, పుట్టినరోజు ఫ్లెక్సీ లాంటి చనువైన సందర్భాలకు మా ఓటు దీనికే. యూనికోడ్ (ఫోన్లకూ కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు) కావడం దీనికున్న పెద్ద బలం: ఫోనులో టైపు చేసి పంపిన మ్యాటర్‌ను దుకాణంలో మళ్లీ టైపు చేయకుండా అతికించుకోవచ్చు. మళ్లీ టైపు చేయకపోతే కొత్త తప్పులు దూరవు.

సన్నదనమే ముఖ్యం, చేతిరాత కాకపోయినా ఫర్వాలేదు అనుకుంటే ‘చతుర’ చూడండి. థిన్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ వరకు ఐదు బరువులున్నాయి. అక్షరాలు ఇరుకుగా, నిలువుగా ఉంటాయి. పేర్లు పొడుగ్గా ఉండి ఒకే పంక్తిలో పట్టాలంటే బాగా పనికొస్తుంది. పాయింట్ల లెక్కలో మాత్రం మోసపోవద్దు, మిగతా ఫాంట్ల కన్నా చిన్నగా కనిపిస్తుంది. సైజును సంఖ్య చూసి కాదు, స్కేలు పెట్టి కొలిచి నిర్ణయించాలి. థిన్ బరువు పోస్టరుకే, కార్డు మీద లైట్ కన్నా కిందికి దిగొద్దు.

దుకాణాల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేవి అను ఫాంట్లు. వైవిధ్యం వాటిలోనే ఎక్కువ, అలంకారపు రాతలూ చాలా ఉన్నాయి, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ అలవాటైన చేతులు వాటితో చకచకా పని చేస్తాయి. అయితే ఇవి యూనికోడ్ కావు. అక్షరాన్ని ముక్కలుగా, ఇంగ్లిషు అక్షరాల చోట్లలో దాచుకున్న ఫాంట్లివి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంకాని ఇంగ్లిషు గుర్తుల గుంపు కనిపిస్తుంది. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఇంకో ప్రమాదం: అక్షరంతో పాటు గుడి, ఒత్తు కూడా విడివిడి ముక్కలే కాబట్టి అవీ దూరంగా జరుగుతాయి. సన్నని రాతకు గాలి ఆడాలని ఎడం పెంచినప్పుడల్లా ఇది జరుగుతుంది. అను ఫాంటు వాడితే అక్షరాల మధ్య ఎడాన్ని ముట్టుకోకుండా, పదాల మధ్య, పంక్తుల మధ్య మాత్రమే పెంచమనండి.

బాపు రాతను అనుసరించే ఫాంట్లు అడిగేవారూ చాలామందే. ఆ రాత అందం వేరు, కానీ అది నాజూకు రాత కాదు, కుంచె బలం ఉన్న రాత. గణపతి బొమ్మ పక్కన, గృహప్రవేశం కార్డు మీద నిండుగా ఉంటుంది. సన్నని బంగారు తీగలు, పూలరేకులు ఉన్న లేత రంగు కార్డు మీద పెడితే కార్డును మింగేస్తుంది. ఏ చేతిరాత ఫాంటైనా ఎక్కడి నుంచి వచ్చిందో, వ్యాపారానికి అనుమతి ఉందో అడగడం మరచిపోవద్దు. ఉచితం అని పేరున్న చాలా సైట్లలో ‘సొంత వాడకానికి మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మిగతా మ్యాటర్‌కు జోడీగా ‘హింద్ గుంటూరు’ మంచి ఎంపిక. ఇండియన్ టైప్ ఫౌండ్రీ చేసిన ఈ ఫాంటు లైట్ నుంచి బోల్డ్ వరకు ఐదు బరువుల్లో ఉంది, ఇదీ ఉచితమే. పేర్లు చేతిరాతలో 30 పాయింట్లు ఉంటే, వివరాలు హింద్ గుంటూరు రెగ్యులర్‌లో 10 లేదా 11 పాయింట్లు. తాతయ్య కళ్లజోడు వెతుక్కోకుండా ముహూర్తం చదవగలగాలి.

ఇంగ్లిషు పేర్లు, ఇంటిపేరు పొడి అక్షరాలు

కార్డుకు ఒక పక్క ఇంగ్లిషు వేయించేవారు ‘గ్రేట్ వైబ్స్’ అడుగుతారు. రాబర్ట్ లూష్కి చేసిన ఈ ఫాంటు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది, కలుపులు చక్కగా కుదురుతాయి, కార్డు మీద పేరుకు నిజంగా బాగుంటుంది. దీన్ని పాడుచేసే అలవాటు ఒకటుంది. మన పేర్లకు ముందు మూడు నాలుగు పొడి అక్షరాలుంటాయి కదా, ఎస్.వి.ఎల్.ఎన్. లాగా. ఇలాంటి ఫాంట్లలో పెద్ద అక్షరాలు పదం మొదట ఒకటే రావడానికి గీసినవి. నాలుగు వరసగా పెడితే వాటి వంకీలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఏ అక్షరమో తెలియదు. పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో వేస్తే ఇంకా ఘోరం. పొడి అక్షరాలను కొసల్లో చిన్న అంచులుండే మామూలు సెరిఫ్ ఫాంటులో, పేరు సైజులో సగానికి కొంచెం తక్కువగా పెట్టి, పేరు మాత్రమే కలపురాతలో వేయించండి. అక్షరాల మధ్య ఎడం సున్నా దగ్గరే ఉండాలి, పెంచితే కలుపులు తెగుతాయి.

టైపు చేసేటప్పుడు జరిగే తప్పులు

‘రాజ్‌కుమార్’ లాంటి పేర్లలో పొల్లు తర్వాత కనిపించని విడిగుర్తు పెట్టాలి. అది లేకపోతే ‘జ’ కింద ‘క’ ఒత్తు చేరి పేరే మారిపోతుంది. ఇన్‌డిజైన్‌లో ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్ కింద ‘అదర్’లో ‘నాన్-జాయినర్’ అని ఉంటుంది. అదే ఇన్‌డిజైన్‌లోనూ ఇలస్ట్రేటర్‌లోనూ ఒత్తులు విడిపోయి, పొల్లు బయటపడి కనిపిస్తే ఫాంటు తప్పు కాదు, పేరాగ్రాఫ్ కంపోజర్‌ను ఇన్‌డిజైన్‌లో ‘వరల్డ్-రెడీ’కి, ఇలస్ట్రేటర్‌లో ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’కి మార్చాలి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అక్కడ ఈ ఫాంట్లతో కుస్తీ పట్టి లాభం లేదు.

రాత వాలుగా ఉంటే చేతిరాతలా కనిపిస్తుందని మామూలు ఫాంటునే కోరెల్‌డ్రాలో పక్కకు వంచే పద్ధతి ఇక్కడ బాగా వాడుకలో ఉంది. ఇది వద్దు. 12 డిగ్రీలు వంచితే, అడుగు గీతకు 5 మిల్లీమీటర్ల కింద ఉన్న ఒత్తు ఒక మిల్లీమీటరుకు పైగా ఎడమకు జరుగుతుంది. అంటే తన అక్షరాన్ని వదిలి ముందు అక్షరం కిందికి పోతుంది. నిజంగా వాలుగా గీసిన ఫాంటులో డిజైనర్ ఒత్తును మళ్లీ కుడికి జరిపి ఉంచుతాడు.

పంక్తుల మధ్య దూరం ఫాంటు సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టండి. ‘క్ష్మి’ ఉన్న పంక్తి కింద ‘కి’, ‘శ్రీ’ లాంటి పైకి లేచే అక్షరం ఉంటే అదీ చాలదు. ఆ ఒక్క పంక్తినే కిందికి జరపాలి. ఆపరేటర్ ఫైలు మొత్తానికి ఒకే దూరం ఇచ్చేసి వదిలేస్తే, ఒత్తు వెళ్లి గుడిలో గుచ్చుకుంటుంది.

అచ్చులో గీత నిలబడాలంటే

చాలామంది వదిలేసే లెక్క ఇదే. ఫాంటు సైజును వెయ్యి భాగాలు చేసి, గీత మందాన్ని ఆ లెక్కలో చూస్తారు. గీత 30 భాగాలున్న ఫాంటును 24 పాయింట్లలో వేస్తే, 24 పాయింట్లంటే 8.47 మిల్లీమీటర్లు కాబట్టి, గీత 0.25 మిల్లీమీటర్లు వస్తుంది. అదే ఫాంటును 14 పాయింట్లకు దించితే 0.15. ఆఫ్‌సెట్‌లో, నున్నటి కాగితం మీద, ఒకే సిరాతో అయితే 0.15 కూడా పడుతుంది. గుడ్డ గుండా సిరా దించే స్క్రీన్ ప్రింటింగ్‌లో తెగుతుంది. వేడితో మెరిసే రేకు అంటించే ఫాయిల్‌లో అక్కడక్కడా మాత్రమే అంటుకుంటుంది. స్క్రీన్‌కు 0.25, ఫాయిల్‌కు 0.3 కన్నా తగ్గకుండా చూసుకోవడం మేలు. ఫాయిల్‌లో గీతల మధ్య ఖాళీ కూడా అంతే ఉండాలి. లేకపోతే సున్న పూడి బొట్టు అవుతుంది, తలకట్టు గుడితో అతుక్కుంటుంది. కొలవడానికి ఆపరేటర్‌కు నిమిషం చాలు: అక్షరాన్ని కర్వ్స్‌గా (బొమ్మ గీతలుగా) మార్చి, బాగా దగ్గరికి లాగి, డైమెన్షన్ గీత పెట్టడమే.

గీత చాలకపోతే ఫాంటు మార్చకుండా కొంత బలం ఇవ్వచ్చు. కోరెల్‌లో ఎఫ్12 నొక్కి, అదే రంగుతో 0.1 మిల్లీమీటరు అవుట్‌లైన్ ఇస్తే గీత మొత్తం మందం 0.1 పెరుగుతుంది, రెండు వైపులా సగం సగం. మూలలు గుండ్రంగా ఉండేలా ఎంచుకోవాలి. కోసుగా వదిలితే ‘శ’, ‘క్ష’ మలుపుల దగ్గర ముళ్లు పొడుచుకొస్తాయి. 0.15 దాటితే నాజూకు పోతుంది, అంత కావాల్సి వస్తే ఫాంటే తప్పు.

స్క్రీన్ ప్రింట్ కార్డుల్లో గీతలు తెగడానికి అసలు కారణం చాలాసార్లు అక్షరాలను స్క్రీన్ మీదికి దించడానికి వాడే పలచని బటర్ పేపరు. లేజర్ ప్రింటర్ టోనరు దాని మీద నల్లగా నిండుగా పడదు. ఎక్స్‌పోజింగ్‌లో (స్క్రీన్‌కు వెలుగు చూపించేటప్పుడు) వెలుగు గీత గుండా, గీత పక్కల నుంచీ దూరి, సన్నని భాగంలోనూ గుడ్డ మీది మందును గట్టిపరిచేస్తుంది. తర్వాత సిరా అక్కడ దిగదు. పేర్ల పంక్తి సన్నని రాతలో ఉంటే బటర్ పేపరుకు బదులు ఫిల్మ్ పాజిటివ్ తీయమని అడగండి, అదనంగా కొంచెం ఖర్చైనా సరే. స్క్రీన్ గుడ్డ కూడా సెంటీమీటరుకు 120 పోగుల రకమైతే గీత అంచు శుభ్రంగా వస్తుంది. 77 పోగుల దాని మీద రంపపు పళ్లలా వస్తుంది.

రంగు విషయంలో ఒకే మాట: సన్నని అక్షరానికి నాలుగు రంగుల మిశ్రమం వద్దు. ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్ర నీడో నీలి నీడో కనిపిస్తుంది. నలుపైతే వట్టి నలుపు, మెరూన్ అయితే విడిగా కలిపిన ఒకే సిరా. ముదురు రంగు నేల మీద తెల్లగా వదిలే సన్నని రాతను నాలుగు రంగుల అచ్చులో అసలు పెట్టొద్దు, సిరా లోపలికి పాకి గీతను తినేస్తుంది. లేత గోధుమ రంగు కార్డు మీద బంగారు సిరా కూడా పగటి వెలుగులో కనిపించినంతగా ఫంక్షన్ హాల్ దీపాల కింద కనిపించదు.

పేర్లను చెక్కతోనో యాక్రిలిక్‌తోనో కోయించి మండపం వెనక పెట్టేవారికి ఒక హెచ్చరిక. ఘ, ప, ఫ, ష, స, హ అక్షరాల్లో తలకట్టు ఒంటికి తగలదు. లేజర్ కోతలో అది ఊడి పడుతుంది. ‘పుష్ప’ అనే పేరులో ‘ష’ తలకట్టు విడిగా రాలుతుంది, కింది ‘ప’ ఒత్తూ ఊగుతుంది. డిజైన్‌లోనే చిన్న వంతెనలు గీయించాలి, లేదా వెనక పారదర్శకపు పలక వేయించాలి. 3 మిల్లీమీటర్ల పలకకు గీత కనీసం 3 మిల్లీమీటర్లైనా ఉండాలి, తక్కువైతే వ్యానులో తీసుకెళ్లేటప్పుడే విరుగుతుంది.

ప్రూఫ్ (అచ్చుకు ముందు నమూనా) తెర మీద చూసి సరే అనకండి. అసలు సైజులో, వీలైతే అదే కార్డు ముక్క మీద ఒకటి తీయించి, ఇంట్లో పెద్దవాళ్ల చేత పేర్లు పైకి చదివించండి. వాళ్లు ఆగిన ప్రతి చోటా పెన్నుతో గీత పెట్టి తిరిగి ఇవ్వండి. ఫైలును ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలన్నీ కర్వ్స్‌గా మార్చారో లేదో చూడండి. కోరెల్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. మార్చకముందు ఫైలు కూడా ఒకటి దాచుకోవాలి, ముహూర్తం సమయం మారితే దిద్దుకోవడానికి.

వాట్సాప్‌లో పంపే కార్డుకు వేరే ఫైలు చేయించండి, అచ్చు ఫైలునే కుదించి పంపితే సన్నని గీతలు మసకబారతాయి. 1080 పిక్సెళ్ల వెడల్పు బొమ్మలో ఏ గీతా 3 పిక్సెళ్ల కన్నా సన్నగా ఉండకూడదు. అందుకే పేర్లను కార్డులో కన్నా పెద్దవి చేసి, మ్యాటర్ సగానికి తగ్గించాలి. బొమ్మను ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ దాన్ని పిండదు. ఫోన్ నంబరు, మ్యాప్ లింకు బొమ్మ మీద కాకుండా కింద మెసేజిలో విడిగా టైపు చేయండి, నొక్కితే తెరుచుకుంటాయి.